వాలెక్కువ కప్పున్న ఇంట్లో వుడ్ స్టవ్: పొగగొట్టం ఎక్కణ్ణుంచి లేవాలి?

మంచు తుఫానుకు కరెంటు పోతే గ్యాస్ ఫర్నెస్ ఉన్నా దాని బ్లోయర్ తిరగదు. కొన్ని గంటల్లో ఇల్లు చల్లబడిపోతుంది. అందుకే అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కలా, మిషిగన్, మినెసోటా వైపూ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఒకటి రెండు చలికాలాలు గడిచాక వుడ్ స్టవ్ (కట్టెలతో మండే ఇనుప పొయ్యి) గురించి ఆరా తీయడం మొదలుపెడతారు. షాపుకెళ్లి ముందు స్టవ్ చూస్తారు. ఇంటికొచ్చి హాల్లో ఏ మూల అందంగా ఉంటుందో చూస్తారు. పొగగొట్టం సంగతి ఇన్‌స్టాలర్ చూసుకుంటాడులే అని వదిలేస్తారు.

కప్పు వాలు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఈ వరస తిరగబడాలి. పొగగొట్టం కప్పులోంచి ఎక్కడ బయటపడుతుందో ముందు తేల్చుకోండి. పొయ్యి దాని కిందికి వచ్చి కూర్చుంటుంది. పొయ్యి చోటు రెండడుగులు అటూ ఇటూ అయినా ఇంటికి వచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. పొగగొట్టం చోటు తప్పితే మాత్రం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొగతో, మసితో, కారే కప్పుతో అవస్థే.

లెక్కల కోసం ఒక ఇల్లు అనుకుందాం. న్యూ ఇంగ్లండ్‌లో ఎటు చూసినా కనిపించే కేప్ కాడ్ తరహా ఇల్లు: వెడల్పు 24 అడుగులు, గోడల ఎత్తు 8 అడుగులు, కప్పు వాలు 12/12. అంటే అడ్డంగా ఒక అడుగు లోపలికి జరిగితే కప్పు ఒక అడుగు పైకి లేస్తుంది, సరిగ్గా 45 డిగ్రీలు. రెండు వాలులూ కలిసే చోటును అక్కడ రిడ్జ్ అంటారు, మనం వెన్ను అందాం. చూరు నుంచి వెన్నుకు అడ్డంగా 12 అడుగులు కాబట్టి వెన్ను నేల నుంచి 20 అడుగుల ఎత్తున ఉంటుంది.

10-3-2 లెక్క

అమెరికా ఇళ్ల నిర్మాణ నిబంధనల (కోడ్) ప్రకారం పొగగొట్టం కప్పులోంచి బయటికొచ్చిన చోట, వాలు పైవైపు నుంచి కొలిస్తే కనీసం 3 అడుగులు లేవాలి. అంతేకాదు, అడ్డంగా 10 అడుగుల లోపు ఇంటి భాగం ఏది ఉన్నా దానికంటే 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. కప్పు చదునుగా ఉంటే ఈ రెండో షరతు ఎవరికీ గుర్తుండదు. 12/12 వాలులో అసలు లెక్కంతా దానిదే. పొగగొట్టం వెన్నుకు అడ్డంగా ఎంత దూరంలో ఉంటే కప్పు మీద ఎంత లేవాలో చూడండి:

వెన్నుకు 1 అడుగు దూరం: 3 అడుగులు
2 అడుగులు: 4 అడుగులు
3 అడుగులు: 5 అడుగులు
6 అడుగులు: 8 అడుగులు
10 అడుగులు, ఆపైన: 12 అడుగులు

మీ కప్పు వాలు వేరైతే వెన్ను నుంచి దూరాన్ని అడుగుల్లో తీసుకుని వాలులోని మొదటి అంకెతో గుణించి, 12తో భాగించి, 2 కలపండి. 3 కంటే తక్కువ వస్తే 3 వేసుకోండి. దూరం 10 దాటితే 10 దగ్గరే ఆపండి. 8/12 వాలులో 10 అడుగుల దూరానికి ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు వస్తుంది. కప్పే గోడగా నేలదాకా దిగే ఏ-ఫ్రేమ్ ఇళ్లలో వాలు 60 డిగ్రీల వరకూ ఉంటుంది. అక్కడ అదే దూరానికి 19 అడుగులు దాటుతుంది. ఏ-ఫ్రేమ్ ఉన్నవాళ్లు పక్కవాలులోంచి పైపు తీయాలన్న ఆలోచన ఇక్కడే మానుకోవచ్చు.

మన ఇంట్లో స్టవ్ మీది పైపు మూతి నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉందనుకోండి. పైపు వెన్నుకు 2 అడుగుల దూరంలో పోతే కప్పు అక్కడ 18 అడుగుల ఎత్తు, దానిమీద 4 అడుగులు, మొత్తం కొన 22 అడుగుల దగ్గర. వెన్నుకు 10 అడుగుల దూరంలో, చూరు పక్కన పోతే కప్పు 10 అడుగులు, దానిమీద 12, కొన మళ్లీ 22 అడుగుల దగ్గరే. రెండింటికీ స్టవ్ నుంచి కొనదాకా పంతొమ్మిదిన్నర అడుగులే. ఖర్చయ్యే పైపు ఒకటే, తేలే ఎత్తు ఒకటే. కానీ మొదటిదాంట్లో 4 అడుగులు చలిలో నిలబడుతుంది, రెండోదాంట్లో 12 అడుగులు. ఇక ముందు చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి.

చలిలో నిలబడ్డ పైపు ఎందుకు చేటు

పొగ పైకి పోయేది వేడిగా ఉన్నందువల్ల. పైపులోని గాలి బయటి గాలి కంటే ఎంత వేడిగా ఉంటే, ఆ వేడి గాలి స్తంభం ఎంత ఎత్తుంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. బయట నిలబడ్డ ప్రతి అడుగూ పొగను చల్లారుస్తుంది. పైపు లోపల వేడి సుమారు 250 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పడితే పొగలోని ఆవిర్లు పైపు గోడకు పట్టి క్రియోసోట్ అవుతాయి. మొదట పొడిమసి, తర్వాత పెచ్చులు, ఆఖరికి నల్లగా మెరిసే తారు. ఆ తారు బ్రష్షుకు రాదు. అంటుకుంటే పొగగొట్టమే కొలిమి అవుతుంది.

ఇంకోటి, ఇల్లు కూడా ఒక పొగగొట్టమే. చలికాలంలో లోపలి వేడిగాలి వెన్నుకు ఎగబాకి పై సందుల్లోంచి బయటికి పోతుంటుంది, కింది సందుల్లోంచి చల్లగాలి వస్తుంటుంది. అందువల్ల ఇంటి కింది భాగంలో గాలి ఒత్తిడి బయటికంటే కాస్త తక్కువ. వెన్ను ఎంత ఎత్తయితే ఈ గుంజుడు అంత ఎక్కువ, అంటే వాలెక్కువ కప్పున్న ఇళ్లలో బలంగానే ఉంటుంది. పొయ్యి ఆరి ఉన్న పూట పొగగొట్టం బయటి గోడకు చల్లగా నిలబడి ఉంటే ఇల్లు గెలుస్తుంది. పైపులోంచి చల్లగాలి కిందికి దిగుతుంది. స్టవ్ తలుపు తెరిచి అరచెయ్యి లోపల పెడితే మంచు ముట్టుకున్నట్టు గాలి వేళ్లకు తగులుతుంది. అప్పుడు అగ్గిపుల్ల గీస్తే మంట వెనక్కి వంగుతుంది, పొగంతా గదిలోకే. పైపు ఇంటి మధ్యలోంచే పోతే ఆరి ఉన్నప్పుడు కూడా అది ఇంటంత వెచ్చగానే ఉంటుంది, వెలిగించిన క్షణం నుంచే లాగుతుంది.

వెన్ను దగ్గర, ఇంటి లోపలి నుంచి

కుదిరిన ప్రతి ఇంట్లో ఇదే ఎంచుకోండి. స్టవ్ ఇంటి నడుమ, పైపు ఒక్క మలుపూ లేకుండా నిట్టనిలువుగా, కప్పును వెన్నుకు అడుగున్నర నుంచి మూడడుగుల మధ్య దాటాలి. ఈ రెండు హద్దులకూ కారణముంది. అడుగున్నర కంటే దగ్గరైతే పైపు చుట్టూ నీళ్లు దిగకుండా కప్పు మీద వేసే ఫ్లాషింగ్ రేకు పై అంచును షింగిల్స్ కిందికి దూర్చడానికి చోటు చాలదు, వెన్ను మీద గాలి సందు ఉంటే దానికీ అడ్డం పడుతుంది. మూడడుగులు దాటితే పైపు కప్పు మీద 5 అడుగులు మించుతుంది. 5 దాటిన పైపుకు కప్పు మీదికి బ్రేస్ కడ్డీలు బిగించాలి, అంటే కప్పుకు మరో రెండు చోట్ల తూట్లు. సరిగ్గా వెన్ను మధ్యలోంచి తీస్తే ఎత్తు ఇంకా తగ్గుతుంది కదా అనిపించవచ్చు. అక్కడ వెన్నుదూలం ఉంటుంది, దాన్ని కొయ్యకూడదు. సీలింగ్ లేకుండా వెన్నుదాకా తెరిచి ఉన్న హాళ్లలో కప్పు బరువులో పెద్ద భాగం మోసేది అదే.

ఈ పద్ధతిలో ఇబ్బంది పైఅంతస్తుతో వస్తుంది. ఇంటి నడుమ పైకి పోయే పైపు పడగ్గదిలోంచో, మెట్ల పక్కనుంచో పోక తప్పదు. గదిలో కనిపించే మామూలు స్టవ్ పైపు సీలింగ్‌నూ, అంతస్తునూ, అటకనూ దాటకూడదు. మొదటి సీలింగ్ దగ్గర చిమ్నీ బరువు మోసే సపోర్ట్ బాక్స్ పెట్టి, అక్కణ్ణుంచి క్లాస్ ఏ చిమ్నీ (పొరల మధ్య ఇన్సులేషన్ ఉన్న ఉక్కు పొగగొట్టం) మొదలవ్వాలి. యూఎల్ 103 హెచ్‌టీ అనే భద్రతా ప్రమాణం గుర్తు ఉన్నదే తీసుకోండి. దాన్ని లోపల నిప్పంటుకున్నప్పటి వేడికి, 2100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పరీక్షిస్తారు. పైగదిలో దాని చుట్టూ చెక్క చట్రంతో పెట్టె కట్టాలి, కాలే సామగ్రి ఏదైనా పైపుకు 2 అంగుళాల ఎడంలో ఉండాలి.

ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఆ 2 అంగుళాల దగ్గరే. చల్లగాలి వస్తోందని ఆ సందులో ఫైబర్‌గ్లాస్ కుక్కుతారు, లేదా ఫోమ్ కొడతారు. ఆ ఖాళీ ఉన్నది గాలి ఆడి పైపు వేడిని తీసుకుపోవడానికి. కుక్కేస్తే వేడి పోయే దారి లేక పక్క చెక్క ఏళ్ల తరబడి ఎండి బొగ్గు బారుతుంది, అంతకంతకూ తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. అంతస్తు దాటేచోట ఫైర్‌స్టాప్, అటకలో ఇన్సులేషన్ షీల్డ్ అని విడిగా భాగాలు దొరుకుతాయి. సందు మూయాల్సింది వాటితోనే.

పై అంతస్తు లేకుండా హాలు వెన్నుదాకా తెరిచి ఉంటే పని తేలిక. కానీ అక్కడా ఒక చిక్కుంది: స్టవ్ నుంచి సపోర్ట్ బాక్స్ దాకా 14, 15 అడుగుల స్టవ్ పైపు గదిలో కనిపిస్తుంది. ఒంటిపొర పైపు అయితే అంత పొడవునా వేడి వదులుకుంటూ పోయి, కప్పు చేరేసరికి పొగ చల్లారిపోతుంది. ఇల్లు వెచ్చబడుతోందని సంబరపడతాం గానీ పైభాగంలో తారు పడుతుంటుంది. 8 అడుగులు దాటిన చోట రెండుపొరల పైపు వేయించండి. దానికి గోడకు కావాల్సిన ఎడం కూడా తక్కువ, సాధారణంగా 6 అంగుళాలు. ఒంటిపొరకు 18 కావాలి. లాఫ్ట్ అంచునున్న చెక్క రెయిలింగ్‌కు కూడా ఇదే లెక్క. రెయిలింగ్‌ను చాలామంది కొలవరు.

గేబుల్ గోడకు ఆనించి

ఇంటి రెండు చివర్లా త్రికోణంలా లేచే గోడను గేబుల్ అంటారు. స్టవ్‌ను ఆ గోడ దగ్గర పెట్టి, పైపును గోడలోంచి బయటికి తీసి, బయట వెన్ను దాకా నిలువుగా తీసుకెళ్లడం రెండో దారి. లోపల గదులు చెడవు, కప్పుకు తూటు పడదు, వెన్ను చివర పక్కనే ఉంటుంది కాబట్టి కొన వెన్నుకు 2, 3 అడుగులు పైన తేలితే చాలు. ఇంకో పెద్ద సుఖం, గోడ బయట పైపు అడుగున టీ ఆకారపు ముక్క ఉంటుంది. దాని మూత తీసి నేల మీద నిలబడే మసి దులపవచ్చు.

దీని చరిత్ర చూస్తే ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. వలస కాలంలో న్యూ ఇంగ్లండ్‌లో ఇల్లు కట్టినవాళ్లు పొగగొట్టాన్ని ఇంటి నట్టనడుమ పెట్టారు, వర్జీనియాలో గేబుల్ గోడకు బయట కట్టారు. వర్జీనియా ఎండాకాలంలో వంట వేడి ఇంట్లో నిలవకూడదు. మసాచుసెట్స్‌లో ఇటుకలు పీల్చుకున్న వేడి రాత్రంతా ఇంట్లోనే ఉండాలి. చలి తక్కువున్న చోట గేబుల్ చిమ్నీ బాగానే నడుస్తుంది. చలి ముదిరేకొద్దీ దాని బలహీనత బయటపడుతుంది. మన నమూనా ఇంట్లో గోడ దాటాక పైపు 17 అడుగుల దాకా బయటే ఉంటుంది. గోడ దాటడానికి ఒక మలుపు, బయట నిలువవడానికి ఇంకో మలుపు, ప్రతిదీ లాగుడును కొంత తినేస్తుంది.

గేబుల్ తప్పదనుకుంటే ఇవి చేయించండి. పైపు చుట్టూ చెక్క చట్రంతో గోడలు కట్టి, ఆ గోడలకు లోపలివైపు ఇన్సులేషన్ వేసి, దాని మీద బోర్డు కొట్టించండి, ఊడి పైపు మీద పడకుండా. దాన్ని అక్కడ చేజ్ అంటారు. అప్పుడు పైపు నేరుగా గాలికి తగలదు. స్టవ్ మూతి నుంచి పైపు ముందు నిలువుగా కనీసం రెండు మూడడుగులు లేచి, తర్వాతే గోడవైపు తిరగాలి. వెనక్కి తిన్నగా గోడలోకి పోతే లాగుడు పుట్టదు. అడ్డంగా పోయే ముక్క అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి వాలి ఉండాలి. పైపు గోడ దాటేచోట చెక్కకు వేడి తగలకుండా కాపాడే వాల్ థింబుల్ ఉండాలి, బయట గోడకు కట్టు పట్టీలు తయారీదారు చెప్పిన ఎడంలోనే ఉండాలి.

చూరు పక్కన, లేదా వాలు మధ్యలో

పొడవాటి గోడ పక్కన హాలు మూలలో స్టవ్ ముచ్చటగా ఉంటుంది. షాపు ఫొటోల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. వాలెక్కువ కప్పుకు మాత్రం ఇది అన్నింటికంటే చెడ్డ చోటు. 12 అడుగుల పైపు కప్పు మీద ఒంటరిగా నిలబడాలి, బ్రేస్‌లు కనీసం రెండు జతలు కావాలి. గాలికి ఊగిన కొద్దీ ఫ్లాషింగ్ దగ్గర సీలెంట్ పగిలి నీళ్లు దిగుతాయి.

మంచు సంగతి ఇంకా గట్టిది. వెన్నుకు 10 అడుగుల దూరంలో ఉన్న పైపుకు పైన 14 అడుగుల పొడవు వాలు ఉంటుంది, ఆ వాలు మీద పేరుకున్న మంచంతా ఒక్కసారి జారితే మొదట తగిలేది పైపుకే. రేకు కప్పయితే మంచు పలకలా ఒక్క ఊపున వస్తుంది. పైపును కప్పు దగ్గర విరిచి పడేయగలదు. వెన్నుకు 2 అడుగుల దూరంలో ఉన్న పైపుకు పైన మూడడుగుల వాలు కూడా ఉండదు. తప్పనిసరై కింద పెట్టాల్సివస్తే పైపుకు పైన మంచును రెండుగా చీల్చే ముక్కోణపు స్ప్లిటర్ పెట్టించండి, దాన్ని వాసాలకు బిగించాలి, కప్పు పలకకు కాదు. చేజ్ కట్టి అది వెన్ను దిశలో 30 అంగుళాల కంటే వెడల్పుంటే, వెనకాల నీళ్లూ మంచూ నిలవకుండా చిన్న కప్పులాంటి క్రికెట్ కట్టించండి.

వెన్నుకు 10 అడుగులు దాటి, గోడ బయట చూరు దగ్గర పెడితే కోడ్ లెక్క 12 దగ్గరే ఆగుతుంది కాబట్టి కొన వెన్ను ఎత్తుకే వచ్చి ఆగవచ్చు. కోడ్ ఒప్పుకుంటుంది, గాలి ఒప్పుకోదు. వెన్ను దాటి కిందికి పొర్లే గాలి ఆ కొన మీదికి దిగి పొగను వెనక్కి తోస్తుంది. ఎంత ఖర్చయినా వెన్నుకు 2 అడుగులు పైకి తీయండి. 30 డిగ్రీల వంపు ముక్కలతో అటకలో పైపును వెన్నువైపు జరపడం ఇంకో ఉపాయం. రెండు వంపు ముక్కల మధ్య 4 అడుగుల పైపు పెడితే అడ్డంగా దాదాపు 2 అడుగులు కలిసొస్తుంది. కానీ వంపుల్లో మసి నిలుస్తుంది, బ్రష్షు ఇబ్బంది పడుతుంది. పడగ్గది తప్పించడానికి ఒక అడుగు జరపాల్సిన చోట వాడుకోవచ్చు, ఎనిమిదడుగులు జరపడానికి ఇది మార్గం కాదు.

ఇంటికి తర్వాత అతికించిన ఒంటి అంతస్తు గదిలో, సన్‌రూమ్‌లో స్టవ్ పెట్టి, పక్కనే రెండంతస్తుల ఇల్లు లేచి ఉంటే అది వీటన్నింటికంటే అన్యాయం. పొగగొట్టం కొన ఇంటి వెన్ను కంటే కింద ఉంటుంది, ఇల్లే పెద్ద పొగగొట్టమై చిన్నదాన్ని వెనక్కి లాగుతుంది. బేస్‌మెంట్ స్టవ్ కూడా ఇలాగే, అక్కడ ఒత్తిడి ఇల్లంతటిలోకీ తక్కువ.

పాత ఇటుక చిమ్నీ ఉంటే

పాత కేప్ ఇంట్లో ఇటుక చిమ్నీ నడుమనే ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. కానీ స్టవ్ పైపును అందులోకి ఊరికే దూర్చి వదిలేయకూడదు. 6 అంగుళాల గుండ్రటి పైపు వైశాల్యం 28 చదరపు అంగుళాలు. ఇంటి లోపల ఉన్న చిమ్నీ దారి దీనికి మూడు రెట్లు మించకూడదు, బయట గోడకున్నదైతే రెండు రెట్లు మించకూడదు. 11 అంగుళాల చదరపు దారి 121 చదరపు అంగుళాలు, నాలుగు రెట్ల పైచిలుకు. అంత పెద్ద దారిలో పొగ విశాలమై, మందగించి, చల్లారుతుంది. కిందినుంచి పైకొన దాకా 6 అంగుళాల స్టెయిన్‌లెస్ లైనర్ (లోపలి గొట్టం) దింపించి, బయటి చిమ్నీ అయితే దానికి ఇన్సులేషన్ చుట్టించి, అడుగున అడ్డు రేకు వేయించండి. ఆ అడ్డు రేకు లేకపోతే స్టవ్ వేడి చిమ్నీలోకి పోతూనే ఉంటుంది.

వడంబం దించి చూడండి

చోటు అనుకున్నాక కాగితం మీద గీసి ఊరుకోకండి. స్టవ్ మూతి మధ్య బిందువు నుంచి పైకి సీలింగ్, అటక దూలాలు, వాసాలు దాకా తాపీ పనివాళ్లు వాడే వడంబం (తాడుకు కట్టిన బరువు) దించి గుర్తులు పెట్టండి. రెండు అంగుళాలు జరిపితే ఒక దూలం తప్పుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

16 అంగుళాల ఎడంలో వేసిన వాసాల మధ్య ఖాళీ పద్నాలుగున్నర అంగుళాలు. ఇన్సులేషన్ అంగుళం మందమున్న 6 అంగుళాల చిమ్నీకి బయటి కొలత 8, రెండు పక్కలా రెండేసి కలిపితే 12. రెండంగుళాల మందమున్నదైతే బయట 10, మొత్తం 14. చూడ్డానికి రెండూ పడతాయి. అయితే అటక దూలాలను వాసాల పక్కనే ఆనించి మేకు కొడతారు కాబట్టి కింది ఖాళీ, పై ఖాళీ ఒకదానికొకటి అంగుళంన్నర జరిగి ఉంటాయి. రెండింట్లోంచీ నిలువుగా పోగలిగేది 13 అంగుళాలే. 12 పడుతుంది, 14 పడదు. మందమైన చిమ్నీ కొంటే ఒక దూలమో వాసమో కోసి, దాని బరువు పక్కవాటికి అందించే అడ్డదూలాలు (హెడర్లు) వేయాల్సిందే. ఈ ఒక్క కొలత ముందే చూసుకుంటే వడ్రంగి పని ఒక రోజు తగ్గుతుంది.

కప్పు పలకలో తూటు గుండ్రంగా రాదు. అడ్డంగా 14 అంగుళాలు కావాలంటే 45 డిగ్రీల వాలు వెంబడి దాదాపు 20 అంగుళాలు కొయ్యాలి. వడంబంతో పైనా కిందా రెండు అంచులు విడిగా గుర్తు పెట్టుకోండి, వాలు మీద 14 కొలిచి కోస్తే పైఅంచు పైపుకు ఆనుకుంటుంది. ఫ్లాషింగ్ కూడా మీ వాలుకు సరిపడేదే కొనాలి: 0/12 నుంచి 6/12కు ఒకటి, 7/12 నుంచి 12/12కు ఇంకోటి, అంతకు మించిన వాలుకు ప్రత్యేకంగా చేయించాలి. దాని పైఅంచూ పక్కలూ షింగిల్స్ కింద, కిందిఅంచు షింగిల్స్ మీద. కిందిఅంచును కూడా షింగిల్స్ కింద దోపితే వాన నీరు నేరుగా ఇంట్లోకి దారి పట్టినట్టే.

స్టవ్ పైపు ముక్కల్లో సన్నగా ముడతలున్న మూతి కిందివైపుకు, స్టవ్ వైపుకు ఉండాలి. తిరగేసి బిగించినవి ఎన్నో కనిపిస్తాయి. ఒక చలికాలం నడిచాక చూడండి, ప్రతి అతుకు దగ్గరా గోధుమరంగు చార ఒకటి పైపు మీదుగా కిందికి జారి, స్టవ్ పైరేకు మీద మాడి ముద్దగా అంటుకుని ఉంటుంది. వేడెక్కినప్పుడల్లా ఇంట్లో తారు కంపు. సరిగ్గా పెడితే ఆ ద్రవం పైపు లోపలే దిగి మంటలో కాలిపోతుంది. ప్రతి అతుక్కి మూడు స్క్రూలు.

గదిలో చోటు

స్టవ్ వెనక తగిలించిన రేకు మీద గోడకు ఎంత ఎడం కావాలో రాసి ఉంటుంది. అదే మాట చెల్లుతుంది. ఏ గుర్తూ లేని పాత స్టవ్‌కు ఎన్‌ఎఫ్‌పీఏ 211 (అమెరికా అగ్నిభద్రతా సంస్థ పొగగొట్టాల ప్రమాణం) ప్రకారం అన్ని వైపులా 36 అంగుళాలు వదలాలి. గోడకు అంగుళం ఎడంలో, కిందా పైనా గాలి ఆడేలా 24 గేజ్ రేకు కట్టిస్తే ఆ గోడవైపు 12కు దించుకోవచ్చు. గోడకు అంటించిన టైల్సూ రాళ్లూ ఎడాన్ని తగ్గించవు, వాటి వెనక చెక్క వేడెక్కుతూనే ఉంటుంది. ఏ-ఫ్రేమ్‌లో వాలు గోడ స్టవ్ మీదికి వంగి ఉంటుంది కాబట్టి ఎడాన్ని నేల దగ్గర కాకుండా స్టవ్ పైఅంచు దగ్గరా, పైపు మోకాలి దగ్గరా కొలవండి. నేల మీద కాలని పలక తలుపు ముందు 16 అంగుళాలు, పక్కల 8 అంగుళాలు బయటికి రావాలి. కొన్ని స్టవ్‌ల మాన్యువల్ దానికి ఆర్-విలువ (వేడిని ఆపే శక్తి కొలత) కూడా అడుగుతుంది.

స్టవ్ సైజు విషయంలో ఆశ పడకండి. పెద్దది కొని గాలి మూసి మగ్గబెడితే మసి రెట్టింపవుతుంది. వెన్నుదాకా తెరిచిన హాల్లో వేడంతా పైన పేరుకుంటే పెద్ద స్టవ్ కొనడం కంటే వెన్ను దగ్గర సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోవడం మేలు.

మన వంటింటి హుడ్

పోపు ఘాటుకూ చేపల వేపుడుకూ మనవాళ్లు గట్టి హుడ్ పెట్టించుకుంటారు, 600, 900 సీఎఫ్‌ఎంవి (నిమిషానికి బయటికి తోసే గాలి, ఘనపుటడుగుల్లో). వుడ్ స్టవ్ ఉన్న ఇంట్లో దీని గురించి ముందే ఆలోచించాలి. హుడ్ తోసేసే గాలికి బదులు గాలి ఎక్కణ్ణుంచో రావాలి, కిటికీలన్నీ బిగించి ఉంటే దగ్గరి దారి పొగగొట్టమే. మంట బాగా ఉన్నప్పుడు తట్టుకుంటుంది. రాత్రి నిప్పు కణికల స్థాయికి దిగి, పైపు చల్లబడుతున్న వేళ హుడ్ వేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. సహజంగా పొగ లాగుకునే పొయ్యి ఉన్న ఇంట్లో 400 సీఎఫ్‌ఎం దాటిన హుడ్‌కు బయటి గాలి తెచ్చే మేకప్ ఎయిర్ ఏర్పాటును అమెరికా ఇళ్ల కోడ్ అడుగుతుంది. అది లేకపోతే హుడ్ వేసినప్పుడల్లా వంటింటి కిటికీ తెరవండి. తెరిచేది కింది అంతస్తు కిటికీయే. మేడమీదిది తెరిస్తే వేడిగాలి ఇంకా వేగంగా పైకి పోయి స్టవ్ దగ్గర గుంజుడు పెరుగుతుంది. అటక మూత చుట్టూ, సీలింగ్‌లో దీపాల చుట్టూ సందులు మూయిస్తే ఈ గుంజుడు తగ్గుతుంది, ఇల్లూ వెచ్చగా ఉంటుంది. ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా మోనాక్సైడ్ అలారం ఉండాలి.

మసి దులపడం

వెన్ను దగ్గరి చిమ్నీకి ఉన్న ఒకే ఒక్క నిజమైన లోటు ఇది. 12/12 వాలు మీద ఎవరూ మామూలుగా నిలబడలేరు, మీరు ఎక్కే ప్రయత్నం చేయనే వద్దు. అందుకే కొనేటప్పుడే కిందినుంచి దులిపే ఏర్పాటు అడగండి: స్టవ్ మీద మొదటి ముక్క ఒకదాంట్లోంచి ఒకటి జారే టెలిస్కోప్ పైపు. మూడు స్క్రూలు విప్పి పైకి జరిపితే దారి తెరుచుకుంటుంది. వంగే కడ్డీల బ్రష్షును డ్రిల్లుకు తగిలించి కిందినుంచి పైకి తోయవచ్చు. నిలువు పైపు కాబట్టి రాలిందంతా నేరుగా కిందికే పడుతుంది. పైపు మూతికి ప్లాస్టిక్ సంచి కట్టి, బ్రష్షు కడ్డీ పట్టేంత రంధ్రం మాత్రమే ఉంచండి.

కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరును చీల్చిన కొత్త ముఖం మీద గుచ్చి చూడాలి, ఎండిన కొన మీద కాదు. మొదటి చలికాలం నెలకోసారి మూత తీసి టార్చి వేసి చూడండి. మసి అంగుళంలో ఎనిమిదో వంతు మందం చేరగానే దులపాలి. కొనకు పెట్టిన టోపీలో పిట్టలు రాకుండా వేసే జాలి ముందుగా పూడుకుంటుంది. మంట బాగుండి కూడా గదిలోకి పొగ తన్నడం కొత్తగా మొదలైతే మొదట అనుమానించాల్సింది ఆ జాలినే, దాన్ని నేల మీదినుంచి బైనాక్యులర్‌తో చూసినా తెలిసిపోతుంది.